గ్రామ్ నెగటివ్ అంటే ఇన్‌ఫెక్షన్ లేదని కాదు

రిపోర్టులో ‘గ్రామ్ నెగటివ్ బాసిల్లై’ (కడ్డీల ఆకారంలో ఉండే ఒక రకం బ్యాక్టీరియా) అన్న మాట చదివి, నెగటివ్ వచ్చిందని ఊపిరి పీల్చుకునేవారు మా మైక్రోబయాలజీ ల్యాబ్ కిటికీ దగ్గర వారానికి ఒకరైనా తారసపడతారు. రోగికి ఇంతకంటే ఎక్కువ నష్టం చేసే అపోహ మా రంగంలో నాకు కనబడలేదు. అక్కడ నెగటివ్ అన్నది రంగును గురించిన మాట. బ్యాక్టీరియా ఉన్నదనే ఆ వాక్యానికి అర్థం.

డెన్మార్క్ వైద్యుడు హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ 1884లో ప్రకటించిన పద్ధతిని నేడు మేము చేసే తీరులో, స్లైడుపై ముందు ఊదారంగు క్రిస్టల్ వయొలెట్, ఆపైన అయోడిన్ వేసి, కొన్ని క్షణాలు ఆల్కహాల్‌తో కడుగుతాము. పెప్టిడోగ్లైకాన్ అనే పదార్థంతో కట్టిన గోడ మందంగా ఉన్న బ్యాక్టీరియా కణాలు ఊదారంగును వదలవు. అవి గ్రామ్ పాజిటివ్. గోడ పలచనై, దానిపై మరొక పొర ఉన్నవి ఆ రంగును పోగొట్టుకుని, చివర వేసే సాఫ్రనిన్‌తో గులాబీ రంగుకు తిరుగుతాయి. రంగు నిలవలేదు కనుక నెగటివ్, అంతే.

భయపడవలసినది ఆ పైపొరకే. అందులోని లైపోపాలీశాకరైడ్ అనే పదార్థమే ఎండోటాక్సిన్, అంటే బ్యాక్టీరియా విషం. రక్తంలో చేరిన బ్యాక్టీరియా చిట్లినప్పుడు అది బయటపడి, చలిజ్వరం తెప్పించి, రక్తపోటును ప్రాణాపాయమయ్యేంతగా పడగొట్టగలదు. వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్ వంటి పెద్ద అణువులను లోనికి రానివ్వనిదీ ఆ పొరే కనుక, మందు ఎంపికలో ఆ గులాబీ రంగుకు అంత విలువ.

ఒకసారి ఒకాయన తన తల్లి మూత్రం కల్చర్ (బ్యాక్టీరియాను పెంచి చూసే పరీక్ష) రిపోర్టును, అదే మాట చూసి, డాక్టరుకు చూపించనే లేదు. నాలుగు రోజులకు ఆమె రక్తం కల్చర్ నా బల్ల మీదికి వచ్చింది. ఆయిల్ లెన్స్ కింద ఎర్రకణాల నడుమ సన్నని గులాబీ కడ్డీలు. ఆమె కోలుకున్నారు. ‘మీరే నెగటివ్ అని రాశారు కదండీ’ అని ఆయన కన్నీళ్లతో అడిగినప్పుడు తప్పుపట్టలేకపోయాను. ఆ పేరు పెట్టుకున్నది మేమే. మూత్రం కల్చర్‌లో బ్యాక్టీరియా పెరగకపోతే సాధారణంగా ‘నో గ్రోత్’ అని రాస్తాము. అప్పటికే యాంటీబయాటిక్ మొదలుపెట్టి ఉంటే ఆ మాటనైనా డాక్టరే తేల్చాలి.

ఇక జలుబుకు పెనిసిలిన్ అడిగేవారికి: అది దెబ్బతీసేది బ్యాక్టీరియా గోడను, జలుబు తెచ్చే వైరస్‌కు ఆ గోడే లేదు, గోడలేని మైకోప్లాస్మా అనే బ్యాక్టీరియాపైనా అది పనిచేయదు. మరిగిస్తే అన్నీ చస్తాయన్న నమ్మకమూ సరికాదు. కొన్ని బ్యాక్టీరియాల స్పోర్లు, అంటే గట్టి కవచంతో నిద్రాణంగా ఉండే రూపాలు, మరిగే నీటికి లొంగవు. ఆటోక్లేవ్ అనే క్రిమిరహితం చేసే యంత్రంలో ఒత్తిడితో కూడిన 121 డిగ్రీల సెల్సియస్ ఆవిరిని 15 నిమిషాలైనా పట్టించేది వాటి కోసమే.