ఏవి తాగితే నీళ్లు తాగినట్టు? అపోహలు - వాస్తవాలు

గుంటూరులో పోషకాహార నిపుణురాలిగా పనిచేస్తున్న నన్ను ఎండాకాలం వచ్చిందంటే చాలామంది ఒకే విషయం అడుగుతారు: మజ్జిగ, కాఫీ, కొబ్బరినీళ్లు తాగితే అవి నీళ్ల లెక్కలోకి వస్తాయా? వస్తాయి. ఏ రూపంలో తాగినా నీటిని పేగులు పీల్చుకుని రక్తంలోకి చేరుస్తాయి. అసలు తేడా ఆ నీటితో పాటు వచ్చే చక్కెర, ఉప్పు, పొటాషియంలలో ఉంటుంది. ఈ రెండో లెక్కను మనం పట్టించుకోవడం లేదన్నదే నా ఆవేదన.

అపోహ: రోజుకు ఎనిమిది గ్లాసుల మంచినీళ్లు విడిగా తాగి తీరాలి.

ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2010లో స్త్రీలకు రోజుకు 2 లీటర్లు, పురుషులకు 2.5 లీటర్లు సరిపోతాయని చెప్పింది. అయితే అది తినే ఆహారంలోని నీటిని కూడా కలిపి చెప్పిన మొత్తం. ఉడికిన అన్నం బరువులో సుమారు మూడింట రెండు వంతులు నీరే ఉంటుంది. దాని మీద పోసుకునే చారు, చివర్లో కలుపుకునే పెరుగు, నంజుకునే దోసకాయ ముక్క అన్నీ ఈ లెక్కలోనివే. అలాగని ఆ అంకె దగ్గరే ఆగిపోకూడదు, ఎందుకంటే అది ఒక మోస్తరు వాతావరణంలో, ఒక మోస్తరు శ్రమ చేసేవారికి ఉద్దేశించినది. మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటినప్పుడు మిర్చి యార్డులో బస్తాలు మోసే హమాలీ ఒంట్లోంచి గంటకు లీటరు వరకు చెమట పోవచ్చు. ఆయనకు ఎనిమిది గ్లాసులు ఏ మూలకూ చాలవు. రోజంతా ఏసీ గదిలో కూర్చునేవారికి అన్ని అవసరం కాకపోవచ్చు. దాహం వేసినప్పుడు ఆలస్యం చేయకుండా తాగడం, మూత్రం లేత పసుపు రంగులో ఉందో లేదో గమనించుకోవడం చాలామందికి సరిపోయే కొలత.

అపోహ: కాఫీ, టీ ఒంట్లోని నీటిని లాగేస్తాయి.

కెఫీన్ వల్ల మూత్రం కొంచెం ఎక్కువ రావడం నిజమే గానీ, రోజూ తాగే అలవాటున్నవారిలో ఆ ప్రభావం చాలా తక్కువ. బ్రిటన్‌లోని బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2014లో ప్రచురించిన అధ్యయనంలో, కాఫీ అలవాటున్న 50 మంది పురుషులు మూడు రోజులు కాఫీ, మరో మూడు రోజులు అంతే పరిమాణంలో నీళ్లు తాగగా, వారి ఒంట్లోని నీటి స్థాయిలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. కాబట్టి కాఫీని లెక్కలో వేసుకోండి, అందులోని పంచదారను కూడా వేసుకోండి. కప్పుకు రెండు చెంచాల చొప్పున నాలుగు కప్పులు తాగితే ముప్పై గ్రాములకు పైగా చక్కెర చేరుతుంది. రోజుకు 25 గ్రాములలోపు ఉంటే మరింత మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. రక్తహీనత ఉన్న స్త్రీలు భోజనంతో పాటు టీ తాగితే ఇనుము సరిగా ఒంటబట్టదు, గంట ఆగి తాగడం మంచిది.

శీతల పానీయాలు, చెరకు రసం, సుగంధి సోడా కూడా నీటిని ఇస్తాయి. కానీ 250 మిల్లీలీటర్ల శీతల పానీయంలో సుమారు 26 గ్రాముల చక్కెర ఉంటుంది. చెరకు రసంలో అంతకన్నా తక్కువేమీ ఉండదు. దాహానికి వీటిని అలవాటు చేసుకోవద్దు. మద్యాన్ని నేను ఈ లెక్కలో చేర్చను.

పలుచటి మజ్జిగకు మన ఎండల్లో సాటి వచ్చే పానీయం నాకు కనిపించలేదు. అందులో ఎక్కువ భాగం నీరే, చక్కెర కలపనక్కర్లేదు, చెమటతో పోయిన ఉప్పు చిటికెడు వేసుకుంటే తిరిగి వస్తుంది. రక్తపోటు ఉన్నవారు ఉప్పు మానేసి కరివేపాకు, అల్లం వేసుకోవచ్చు.

అపోహ: విరేచనాలైతే కొబ్బరినీళ్లు చాలు.

కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. విరేచనాల్లో ముఖ్యంగా పోయేది సోడియం కాబట్టి, చక్కెర, లవణాలు తగిన పాళ్లలో ఉండే ఓఆర్‌ఎస్‌నే తాగాలి. పెద్ద ప్యాకెట్టు మొత్తాన్ని ఒకేసారి లీటరు నీటిలో కలపాలి. హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడిన మీదట, ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రానికి సరిపోని తీపి పానీయాల మీద ఓఆర్‌ఎస్ అనే పేరు వాడకూడదని మన దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2025 అక్టోబరులో ఆదేశించింది. మందుల షాపులో కొనేటప్పుడు డబ్బా మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం అని ఉందో లేదో చదివి తీసుకోండి. కిడ్నీ జబ్బు ఉన్నవారికి కొబ్బరినీళ్లలోని పొటాషియమే ప్రమాదకరం కావచ్చు, డాక్టరును అడగకుండా తాగవద్దు. గుండె, కిడ్నీ జబ్బుల వల్ల రోజుకు ఇన్ని నీళ్లే తాగాలని డాక్టరు పరిమితి పెట్టినవారు చారు, మజ్జిగ, కాఫీ, చప్పరించే ఐసు ముక్క వరకు అన్నిటినీ ఆ పరిమితిలోనే లెక్కించాలి.

అపోహ: ఎండాకాలం పసిబిడ్డకు చెంచాడు నీళ్లు పట్టాలి.

ఆరు నెలలలోపు బిడ్డకు ఎంత ఎండలోనైనా తల్లిపాలు చాలు, వాటిలో దాదాపు 88 శాతం నీరే. నీళ్లు పడితే చిన్ని పొట్ట నిండి పాలు తగ్గుతాయి, ఆ నీళ్లు శుభ్రమైనవి కాకపోతే విరేచనాలు పట్టుకుంటాయి. ఇంట్లో పెద్దవాళ్లు ప్రేమతోనే పట్టమంటారు; వాళ్లకు ఈ సంగతి నెమ్మదిగా చెప్పి, బిడ్డకు ఇంకాస్త తరచుగా పాలివ్వండి, ఆ నీళ్లేవో తల్లికి ఇవ్వండి.