అమెరికా దారిలో కదిరి

మా అత్తయ్య జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉన్న కొడుకు దగ్గరికి వెళ్లాలి. మారతహళ్లిలో మా ఇంట్లో అట్లాసు ముందేసుకుని బెంగళూరు మీద వేలు పెట్టింది. అరేబియా, యూరప్, అట్లాంటిక్ మీదుగా వేలిని ఎడమకి లాక్కెళ్లి, "ఇంతేగా దారి?" అంది.

నేను పిల్లల గదిలోంచి గ్లోబు, కుట్టుపెట్టెలోంచి దారం తెచ్చాను. ఒక కొస బెంగళూరు మీద, రెండోది శాన్‌ఫ్రాన్సిస్కో మీద పెట్టి బిగించి లాగాను. దారం ఎడమకీ పోలేదు, కుడికీ పోలేదు, పైకి పోయింది! కదిరి పక్కనుంచి, శ్రీశైలం అడవుల మీదుగా తెలంగాణ దాటి, నేపాల్, టిబెట్, సైబీరియా, అలాస్కా. దాదాపు 14,000 కిలోమీటర్లు. గుండ్రటి నేల మీద దగ్గరిదారి అదే. చదును కాగితం మీద మాత్రం అది పెద్ద విల్లులా వంగి కనిపిస్తుంది.

"అమెరికాకి మా పుట్టిల్లు కదిరి మీదుగానా!" అని అత్తయ్య మురిసిపోయింది.

అయితే విమానం దారం వెంట పోదు. టిబెట్ పీఠభూమి సగటు ఎత్తే దాదాపు నాలుగున్నర కిలోమీటర్లు. క్యాబిన్‌లో గాలి పీడనం పడిపోతే పైలట్ కొద్ది నిమిషాల్లో మూడు కిలోమీటర్ల ఎత్తుకి దిగాలి. ప్రయాణికుల ఆక్సిజన్ మాస్కులు మామూలుగా పావుగంట, ఇరవై నిమిషాలకే వస్తాయి. అక్కడ నేలే అంతకన్నా ఎత్తుగా ఉంటే దిగేదెక్కడికి? అందుకే చాలా విమానాలు చుట్టు తిరిగి పోతాయి.

ఇంకో లెక్క గాలిది. నాకు అన్నిటికన్నా నచ్చేదీ ఇదే. పది కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకి జెట్ స్ట్రీమ్ అనే గాలి ఏరులా పారుతుంది. గంటకు 900 కిలోమీటర్లు పోయే విమానాన్ని అది 150 వేగంతో వెనకనుంచి తోస్తే, నేల మీది లెక్కకు వేగం 1,050 అవుతుంది. 2016 అక్టోబరులో ఎయిర్ ఇండియా తన ఢిల్లీ - శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని అట్లాంటిక్ వైపు మాన్పించి పసిఫిక్ మీదుగా పంపింది. దూరం 13,900 నుంచి 15,300 కిలోమీటర్లకు పెరిగింది. ప్రయాణం మాత్రం దాదాపు రెండు గంటలు తగ్గి, పద్నాలుగున్నర గంటల్లో ముగిసింది. దూరం పెరిగితే టైమ్ తగ్గిందన్నమాట.

అదే దారిన తిరిగొస్తే ఆ గాలే ఎదురొస్తుంది. 2021 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకి తొలి విమానాన్ని కెప్టెన్ జోయా అగర్వాల్, తోటి మహిళా పైలట్లు ఉత్తర ధ్రువం మీదుగా తెచ్చారు. సుమారు 17 గంటలు పట్టింది.

అత్తయ్య అన్నీ విని, "నాది సోమవారం టికెట్టు. ఎప్పుడు దిగుతాను?" అంది.

జనవరిలో అక్కడి గడియారం మనకన్నా పదమూడున్నర గంటలు వెనక. ఇక్కడ మధ్యాహ్నం 2కి ఎక్కి 16 గంటలు ఎగిరితే, అక్కడ అదే సోమవారం సాయంత్రం 4:30. ఆవిడకి ఆ సోమవారం మొత్తం 37 గంటల 30 నిమిషాలు.

"సోమవారాలు నేను ఒంటిపొద్దు కదరా!" అంది. టికెట్టు మంగళవారానికి మార్చాం.