నాటకం చేయి పట్టుకుని నడిచిన లిపి: రఘునాథ్ ముర్ము

తూర్పు భారతంలోని సంతాల్ గిరిజనుల సంతాలీ భాషను ఏ లిపిలో రాయాలి, పిల్లలకు ఏ లిపిలో నేర్పాలి అన్న వాదన నేటికీ పూర్తిగా తేలలేదు. ఒడిశా, పశ్చిమ బెంగాల్‌లలో ఆ భాష కోసమే తయారైన ఓల్ చికి లిపి బడి దాకా వచ్చినా, ఝార్ఖండ్‌లోని సంతాల్ పరగణా ప్రాంతంలో దేవనాగరికి, రోమన్ లిపికి అలవాటుపడినవారు ఇప్పటికీ ఉన్నారు. ఈ వాదన మూలాలు నేటి ఒడిశాలోని మయూర్‌భంజ్ సంస్థానంలో పుట్టి, ఆ లిపిని తయారుచేసిన రఘునాథ్ ముర్ము అనే బడిపంతులి జీవితంలోను, ఆయన రాసిన నాటకాల్లోను ఉన్నాయి.

2011 జనగణన ప్రకారం మన దేశంలో సంతాలీ మాట్లాడేవారు 73 లక్షలకు పైగా ఉన్నారు. వారంతా ఒకచోట లేకపోవడంతో బెంగాల్‌లో బెంగాలీ లిపి, ఒడిశాలో ఒడియా, బీహార్ వైపు దేవనాగరి వాడుకలోకి వచ్చాయి. 19వ శతాబ్దంలో వచ్చిన క్రైస్తవ మిషనరీలు రోమన్ లిపిని ఎంచుకున్నారు. నార్వేకు చెందిన పి.ఓ. బోడింగ్ ఐదు సంపుటాల సంతాలీ నిఘంటువు ఆ లిపిలోనే వెలువడింది. ఇంటి భాష ఒకటే అయినా, ఒక ప్రాంతంవారు రాసినది మరో ప్రాంతంవారు చదవలేని స్థితి ఏర్పడింది.

రఘునాథ్ ముర్ము 1905 మే 5న రాయ్‌రంగ్‌పూర్ సమీపంలోని గ్రామంలో పుట్టారు. ఒడియాలో చదువుకున్న ఆయన, తన భాషకు సొంత అక్షరాలు ఎందుకు లేవన్న బాధతో 1925లో, ఇరవయ్యేళ్ల వయసులో, 30 అక్షరాల ఓల్ చికిని రూపొందించారు. చుట్టూ ఉన్న ప్రకృతి నుంచి, మనుషులు చేసే పనుల నుంచి అక్షరాల ఆకృతులు తీసుకున్నారు. మన గుణింతాల్లా కాకుండా, అందులో అచ్చు కూడా హల్లు పక్కన విడి అక్షరంగానే నిలుస్తుంది. సంతాలీ మాటల చివర గొంతులో ఆగిపోయే ధ్వనులను గుర్తించడానికి కూడా ఏర్పాటు ఉంది. పర్లాకిమిడి ప్రాంతంలో గిడుగు రామమూర్తి సవర భాష కోసం పాటుపడగా, అదే భాషకు మంగెయి గొమాంగో 1936లో సొరంగ్ సొంపెంగ్ లిపిని చేశారన్నది ఇక్కడ గుర్తుచేసుకోదగిన సంగతి.

అక్షరాలు తయారైనంత మాత్రాన చదివేవారు పుట్టుకురారు. 1930లలో ఉపాధ్యాయుడిగా చేరిన ముర్ము ఊరూరా తిరిగి లిపిని నేర్పారు, వాచకాలు, వ్యాకరణం, పాటలు రాశారు. అయితే ఆయన దూరదృష్టి ఎక్కువగా కనిపించేది నాటకాల్లోనే అని నా అభిప్రాయం. 1942 నాటి ‘బిదు చందన్’లో సంతాలులు దేవతలుగా కొలిచే బిదు, చందన్ మనుషులుగా ప్రేమించుకుంటారు, ఆ ప్రేమను ఒకరికొకరు తెలుపుకునేది ఓల్ చికి అక్షరాలతోనే. చదువు అందని జనానికి రాత అవసరాన్ని ఉపన్యాసంతో చెప్పడం కష్టం. ఇద్దరు ప్రేమికుల మధ్య అదే రాత రాయబారిగా నిలిచినప్పుడు, దాని విలువ ప్రేక్షకుడికి ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. పైగా కొత్త లిపికి ఆ కథ వల్ల దైవసంబంధం కూడా కలిగింది. ‘ఖేర్వాల్ బీర్’లో పూర్వవీరులను, మరో నాటకంలో 1855లో జమీందార్ల, వడ్డీవ్యాపారుల, కంపెనీ పాలన మీద తిరగబడిన సంతాల్ నాయకులు సిదు, కాన్హులను వేదికపైకి తెచ్చారు.

జనం ఆయనను ‘గురు గోమ్కే’ (మహాగురువు) అని పిలుచుకున్నారు. 1979లో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం ఓల్ చికిని గుర్తించింది. 1982 ఫిబ్రవరి 1న ఆయన కన్నుమూశారు. 2003 నాటి 92వ రాజ్యాంగ సవరణతో సంతాలీ ఎనిమిదో షెడ్యూలులో చేరడం, 2008లో ఓల్ చికి కంప్యూటర్లలో లిపులకు ప్రమాణమైన యూనికోడ్‌లోకి రావడం ఆయన చూడలేదు.

రోమన్ లిపిని సమర్థించేవారి వాదనను తేలిగ్గా కొట్టిపారేయలేం; వందేళ్లకు పైబడిన సాహిత్యం అందులో ఉంది. కానీ ఓల్ చికికి బలం మొదట ప్రభుత్వ ఉత్తర్వుల నుంచి రాలేదు, ప్రేక్షకుల నుంచి వచ్చింది. ఆ నాటక సంప్రదాయం ఆయనతో ఆగిపోలేదు కూడా. సంతాలీకి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారాలు మొదలయ్యాక 2007లో కాళీపద సరేన్, 2010లో భోగ్లా సోరెన్, 2014లో జమాదార్ కిస్కు, 2015లో రబిలాల్ టుడు వాటిని అందుకున్నది నాటకాలకే. ఖేర్వాల్ సోరెన్ అనే కలం పేరున్న కాళీపద సరేన్ 2024లో ఝార్‌గ్రామ్ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు.