పొడవాటి తరంగాలకు పదునైన చూపు

ఇబ్రహీంపట్నం దగ్గరి జపాల్-రంగాపూర్ వేధశాలలో 1960ల చివర ఉస్మానియా విశ్వవిద్యాలయం నెలకొల్పిన టెలిస్కోపు అద్దం వ్యాసం 48 అంగుళాలు, అంటే సుమారు 1.2 మీటర్లు. గాలి అడ్డు రాకపోతే, ఆర్క్ సెకనులో పదో వంతు, అంటే డిగ్రీలో 36,000వ వంతు ఎడంలో ఉన్న రెండు చుక్కలను ఆ అద్దం విడదీసి చూపగలదు. అదే పని రేడియో తరంగాలతో చేయబోతే లెక్క తలకిందులవుతుంది. తరంగదైర్ఘ్యాన్ని టెలిస్కోపు వెడల్పుతో భాగిస్తే చూపు పదును తెలుస్తుంది. 150 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు 2 మీటర్లు, కంటికి కనిపించే కాంతికి దాదాపు 40 లక్షల రెట్లు. కాబట్టి రంగాపూర్ అద్దానికి సాటి రావాలంటే రేడియో పళ్ళెం (డిష్ యాంటెన్నా) వెడల్పు 4,800 కిలోమీటర్లు ఉండాలి.

అంత పళ్ళెం కట్టనక్కరలేదు. దూరదూరంగా నిలిపిన యాంటెన్నాల సంకేతాలను జతలు జతలుగా కంప్యూటరులో కలిపితే, అన్నిటికన్నా ఎడంగా ఉన్న జత మధ్య దూరమే పదునును నిర్ణయిస్తుంది. పుణె సమీపాన ఖొడద్‌లో రేడియో ఖగోళవేత్త గోవింద్ స్వరూప్ సారథ్యంలో వెలసిన రేడియో టెలిస్కోపు జీఎంఆర్‌టీలో 45 మీటర్ల పళ్ళేలు 30, దాదాపు 25 కిలోమీటర్ల మేర పరుచుకుని ఉన్నాయి. నెదర్లాండ్స్ కేంద్రంగా ఉన్న మరో రేడియో టెలిస్కోపు లోఫార్‌కు పళ్ళేలే లేవు. 10 నుంచి 90 మెగాహెర్ట్జ్ తరంగాలను అందుకునే దాని యాంటెన్నా ఒక మనిషెత్తు గొట్టం, దాని కొస నుంచి ఏటవాలుగా నేలకు లాగి కట్టిన నాలుగు తీగలు, కింద పరిచిన లోహపు వల, అంతే. యాంటెన్నాలను గుంపులుగా నిలిపిన లోఫార్ కేంద్రాలు ఐరోపాలో దాదాపు 2,000 కిలోమీటర్ల మేర ఉన్నాయి.

2 మీటర్ల తరంగాలను అందుకునే సాదా యాంటెన్నాలను నల్లగొండలో, మహబూబ్‌నగర్‌లో నిలిపామనుకుందాం. సూటిగా కొలిస్తే ఆ ఊళ్ళ మధ్య సుమారు 140 కిలోమీటర్లు. ఆ తరంగాలతో 3 ఆర్క్ సెకన్ల చూపు దొరుకుతుంది. అసలు కష్టం వాతావరణపు పైపొర ఐనోస్ఫియర్‌తో. ఎండ తాకిడికి విడివడిన ఎలక్ట్రాన్లతో నిండిన ఆ పొర తరంగాల లయను చెదరగొడుతుంది, ఫ్రీక్వెన్సీ తగ్గినకొద్దీ మరింతగా. పైగా ఒక ఊరి మీద ఉన్నట్టు మరో ఊరి మీద ఉండదు. భూమధ్యరేఖకు దగ్గరైన మన ఆకాశంలో పొద్దుగూకాక కూడా అది అలజడిగానే ఉంటుంది కనుక, ఈ విషయంలో మనకు ఐరోపా వాళ్ళకన్నా గట్టి పరీక్షే ఎదురవుతుంది.

దీనికి 1958లో రేడియో ఖగోళవేత్త రోజర్ జెన్నిసన్ ప్రచురించిన ఉపాయం నాకెంతో ఇష్టం. మూడో యాంటెన్నా అచ్చంపేటలో పెడదాం. ఒక్కో ఊరి మీది ఆకాశం కలిగించే తప్పు ఎంతో మనకు తెలియకపోయినా, ప్రతి జత కొలతలో ఉండేది ఒక ఊరి తప్పులోంచి మరో ఊరి తప్పు తీసివేస్తే మిగిలినదే. మూడు జతల కొలతలను త్రిభుజం చుట్టూ కూడితే ప్రతి ఊరి తప్పూ ఒకసారి కలిసి, ఒకసారి పోతుంది. మిగిలేది ఆకాశంలోని వస్తువు ఆకారపు సమాచారం. అయితే ఆ వస్తువు కచ్చితంగా ఎక్కడ ఉందన్నది ఈ కూడికలో పోతుంది, సంకేతం బలంగా లేకపోతే ఇది పనికిరాదు. అందుకే చుట్టుపక్కల రేడియో తరంగాలను బలంగా వెలువరించే చిన్న వస్తువులను వెతికి, వాటి ఆధారంగా మిగతా ఆకాశాన్ని సరిదిద్దుతారు. లోఫార్ 2010లో ప్రారంభమైనా, సుదూర కేంద్రాలన్నిటినీ కలిపి 0.3 ఆర్క్ సెకన్ల పదునుతో తీసిన చిత్రాల పరంపర వెలువడింది 2021లో. నడుమ గడిచిన కాలంలో చాలా భాగం ఈ దిద్దుబాటు పద్ధతులకే పట్టింది.