చెరువు నీళ్ల జాడీలో దోమపిల్లలు: అపోహలు - వాస్తవాలు

దోమల సర్వే పనిలో ఉన్నాను కాబట్టి మా ఇంటి కిటికీలో ఎప్పుడూ ఒకటో రెండో లార్వాల (దోమపిల్లల) జాడీలు ఉంటాయి. చూసినవాళ్లందరూ దాదాపు ఇవే మాటలంటారు.

"దోమలు మురికినీళ్లలోనే పుడతాయి కదా!"

మురుగు క్యూలెక్స్ అనే రకం దోమది. డెంగీ తెచ్చే ఏడిస్‌కు కూలర్, పూలకుండీ కింది పళ్లెం, కొబ్బరిచిప్ప చాలు.

"లార్వాలన్నీ ఒకటే."

కాదు. జాడీని వెలుతురులో పెట్టి, కదపకుండా ఒక్క నిమిషం ఆగండి. నీడ పడినా అడుగుకు పారిపోతాయి. క్యూలెక్స్ తోకవైపున్న గాలిగొట్టాన్ని నీటి పైకి ఆనించి తలకిందులుగా వేలాడుతుంది. మలేరియా మోసే అనాఫిలిస్‌కు ఆ గొట్టం లేదు. నీటి మీద పుల్లలా అడ్డంగా పడుకుంటుంది. తినేటప్పుడు ఒళ్లు కదపకుండా తల ఒక్కటే వెనక్కి పూర్తిగా తిప్పేస్తుంది. ఎన్నిసార్లు చూసినా నాకు వింతే. ఈ తేడా చిన్నదేం కాదు. సికింద్రాబాద్‌లో బ్రిటిష్ వైద్యుడు రొనాల్డ్ రాస్ మలేరియా క్రిమి కోసం చాలాకాలం వేరే రకం దోమల్ని కోసి చూసి విసిగిపోయాడు. 1897 ఆగస్టు 20న ఆయనకు మలేరియా క్రిమి కనిపించింది లార్వాల నుంచి పెంచిన మచ్చల రెక్కల దోమ కడుపులో, అంటే అనాఫిలిస్‌లో.

ఎర్రటి సన్నపురుగులు కనిపిస్తే టెన్షన్ పడకండి. అవి కుట్టని మిడ్జ్ ఈగల పిల్లలు.

"మేత ఎక్కువేస్తే త్వరగా ఎదుగుతాయి."

మొదట్లో నేనూ గుప్పెడు బ్రెడ్ పొడి చల్లాను. తెల్లారేసరికి నీళ్ల మీద తెట్టు, కింద శవాలు. ఇప్పుడు చేపల మేత నలిపి చిటికెడు వేస్తాను, నిన్నటిది మిగిలితే అదీ వేయను. లార్వా కామా ఆకారంలోకి మారితే అది ప్యూపా, దోమ అయ్యే ముందు దశ. దానికి మేతే అక్కర్లేదు. చెరువు నీళ్లతో తూనీగ పిల్ల వచ్చిందేమో ముందే వెతకండి, ఉంటే మీ లార్వాలు దానికి మేత.

"నీళ్లు పారబోస్తే సరి."

ఏడిస్ గుడ్లు నీటిమట్టానికి కాస్త పైన గోడకు అంటుకుని, ఎండినా నెలల తరబడి బతుకుతాయి. తొట్టి లోపల బ్రష్‌తో గట్టిగా రుద్దాలి.

"ప్యూపా అయ్యాక మూత తీయొచ్చు."

వద్దు! రెండు మూడు రోజుల్లో దోమలు లేస్తాయి. పల్చటి గుడ్డ కట్టి ఉంచండి. ముందుగా వచ్చేవి ఎక్కువగా మగవి, మీసాలు ఈకల్లా కుచ్చుగా ఉంటాయి, కుట్టవు. ఆడవి కనిపించగానే జాడీని గుడ్డతో సహా ఫ్రిజ్ ఫ్రీజర్లో పెట్టేస్తాను. ఆ సంగతి మా ఇంట్లో ఇంకా చెప్పలేదు.