ఎర్రచందనం కోట్లు: అపోహలు, వాస్తవాలు

మా నర్సరీకి వచ్చే ఫోన్లలో రోజుకొకటైనా ఇదే. "అన్నా, చేవెళ్ల దిక్కు ఫాం ప్లాట్ తీసుకుంటున్నం. ఎర్రచందనం మొక్కలు వాళ్లే పెట్టిస్తరంట. 15 ఏళ్లకు కోటి వస్తదంటున్రు, నిజమేనా?"

కాదు. బ్రోచర్‌లో వేసే టన్ను రేటు, స్మగ్లర్ల దగ్గర పట్టుకున్న దుంగలను ప్రభుత్వం వేలం వేసినప్పటిది. అవి శేషాచలం, లంకమల, వెలిగొండ రాళ్లలో నీళ్లకు మొహం వాచి, దశాబ్దాలు పెరిగిన అడవి చెట్లు. ఆ రేటంతా నడుమ ఉండే ఎర్రటి గట్టి చెక్కకే, అంటే చేవకే. చుట్టూ ఉండే తెల్ల చెక్క వంటచెరుకే.

పోయిన వానాకాలం షాద్‌నగర్ దగ్గర ఒక తోటలో గాలికి చెట్టు పడిందని రిటైర్డ్ టీచర్ ఒకాయన పిలిచారు. 14 ఏళ్ల చెట్టు. డ్రిప్ పెట్టారు, ఎరువులు వేశారు, నా తొడంత లావైంది. మొదలు దగ్గర అడ్డంగా కోయించాం. అంతా పాలిపోయిన చెక్క, నట్టనడుమ రూపాయి బిళ్లంత ఎరుపు. సార్ దాని మీద బొటనవేలు పెట్టారు. ఎరుపు కనపడకుండా పోయింది. "ఇంతేనా బిడ్డా?" అన్నారు. రెండో అమ్మాయి పెళ్లి ఖర్చు ఆ చెట్ల మీదే లెక్కేసుకున్నారట. మిగతావి కొట్టకండి సార్, నీళ్లు ఆపేసి ఇంకో ఇరవై ఏళ్లు ఉండనివ్వండి అన్నాను. ఆయనకు అప్పటికే డెబ్బై దగ్గర పడ్డాయి.

అందుకే ఏజెంటును ఒక్కటే అడగండి: పదిహేనేళ్ల చెట్టు నా ముందు కోసి చూపిస్తావా?

ఇక సొంత పొలంలో నాటితే కేసు పెడతారని భయపడేవాళ్ల సంగతి. పట్టా భూమిలో నిక్షేపంగా నాటుకోవచ్చు, టెన్షన్ వద్దు. కొట్టాలన్నా, లారీ ఎక్కించాలన్నా మాత్రం అటవీ శాఖ అనుమతి కావాలి. అరుదైన మొక్కలు, జంతువుల వ్యాపారం మీద దేశాల మధ్య ఉన్న ఒప్పందం సైటిస్; 1995 నుంచి ఎర్రచందనం దాని రెండో అనుబంధంలో ఉంది కాబట్టి విదేశాలకు పంపాలంటే ఆ కాగితాలు వేరే. నర్సరీ బిల్లు దాచుకోండి, తోటను రెవెన్యూ రికార్డుల్లో రాయించుకోండి.

శ్రీగంధం, ఎర్రచందనం ఒకటి కాదు. దీనికి ఆ వాసనే ఉండదు. ఇది కంది, చిక్కుడు కుటుంబం. శ్రీగంధం పక్క మొక్కల వేళ్ల నుంచి లాక్కుని బతికే రకం, అందుకే దాని పక్కన కంది వేస్తాం. ఎర్రచందనాన్ని అణు రియాక్టర్లలో వాడతారన్నది ఉత్త పుకారు. చైనాలో ఫర్నిచర్‌కు, జపాన్‌లో వాయిద్యాలకు, ఇంకా రంగుకు అడుగుతారు.

షుగర్‌కు నీళ్లు పోసుకుని తాగే చెక్క గ్లాసు కూడా దీనిది కాదు, దీని దాయాది యేగిస చెట్టుది. మా మేనమామ ఆ గ్లాసును నమ్మి మాత్రలు మానేసి వారం రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. గ్లాసు ఇప్పటికీ వాళ్లింట్లో ఉంది, పెన్నులు పెట్టుకుంటున్నారు.