నల్లరాతిలో సూర్యరాయి

విశాఖపట్నం

చిన్నారులకు ఆశీస్సులు.

కైలాసగిరి తవ్వితే రంగురాళ్లు దొరుకుతాయా అని అడిగారు కదా. కైలాసగిరీ, యారాడ కొండా లావా గడ్డకట్టి పుట్టినవి కావు. అవి ఖోండలైటు, అంటే నేల అడుగున వేడికీ ఒత్తిడికీ రూపు మారిన రాయి. లావా రాయి చూడాలంటే రాజమండ్రి దాకా పోవాలి. అక్కడి క్వారీల్లోని నల్లరాయి బసాల్టు.

బసాల్టులో రత్నం రెండు రకాలుగా చేరుతుంది. లావాలో గాలిబుడగలు మిగిల్చిన గుల్లల్లోకి నీళ్లు దిగి, వాటిలో కరిగిన సిలికా, అంటే ఇసుకలో ఉండే పదార్థమే, ఏళ్ల తరబడి పేరుకుని అగేటు, అమెథిస్టు అవుతుంది. రెండోది, లావా పైకి రాకముందే లోపల స్ఫటికం పెరిగి, దానితోపాటు కొట్టుకురావడం. అమెరికాలో ఆరెగాన్ రాష్ట్రం ప్లష్ ఊరి దగ్గర దొరికే సూర్యరాయి (సన్‌స్టోన్) ఇలాంటిదే. 1987లో ఆ రాష్ట్రం దాన్ని తన రత్నంగా ప్రకటించింది. లోపల చెదిరిన సన్నటి రాగి రేకులే దాని మెరుపు. ఎక్కువ రాళ్లు లేత పసుపే, ఎరుపూ ఆకుపచ్చా అరుదు.

తవ్వేవాళ్లు ముందు పైమట్టి తీసి విడిగా పోస్తారు. దాని కింద ఎండకీ వానకీ మెత్తబడిన బసాల్టు గునపానికి లొంగుతుంది. పొడిని 6 మిల్లీమీటర్ల జల్లెడ పట్టి, మిగిలింది కడిగి, ఎండలో పరిచి ఏరుతారు. తడిరాయి మీద ఏటవాలు వెలుగు పడితే స్ఫటికం తళుక్కుమంటుంది. గట్టి బండ తగిలినప్పుడే అసలు చిక్కు. వజ్రానికి 10 ఇచ్చే మోస్ కొలతలో సూర్యరాయి గట్టిదనం 6 నుంచి 6.5, పైగా రెండు దిక్కుల్లో నున్నగా చీలిపోయే గుణం. దాని మీదే ఉలి పెడితే రెండు ముక్కలు. అందుకే స్ఫటికానికి బెత్తెడు ఎడంగా బండను పగలగొట్టి, చుట్టూ కొంచెం రాయి ఉంచి బయటికి తీస్తారు. మందుగుండు పెడితే పని తొందరగా తెమిలినా రాయినిండా పగుళ్లే. తొందరపడిన చోట చేతికొచ్చేది గాజుపెంకుల్లాంటి నలకలు.

ఇప్పుడు గుంత సంగతి. 4 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 1.5 మీటర్ల లోతు అంటే 18 ఘనమీటర్లు. తవ్విపోస్తే అది గుల్లబారి 25 దాకా ఉబ్బుతుంది. అంత గుట్టనీ దగ్గరే కదా అని అంచునే పోస్తారు, ఆ బరువుకే గోడ కూలుతుంది. మన దేశంలో 1961 నాటి గనుల నిబంధనల ప్రకారం అంచుకు 3 మీటర్ల లోపు వదులు రాయిగానీ చెట్టుగానీ ఉండకూడదు. మెత్తటి నేలలో గోడను 45 డిగ్రీలకు మించని వాలుగానైనా చెక్కాలి, మెట్లుగానైనా తీయాలి. మెట్టు ఎత్తు 1.5 మీటర్లు దాటకూడదు, వెడల్పు ఎత్తుకు తగ్గకూడదు. గోడ అడుగును తొలిచి పైభాగాన్ని వేలాడదీయడం పూర్తిగా నిషిద్ధం. ఎందుకో తెలుసా? రత్నాల పొర కనబడగానే పైనున్నదంతా తవ్వే ఓపిక లేక, పక్కకి కన్నం పెట్టి దూరతారు. నర్సీపట్నం వైపు రంగురాళ్ల దొంగతవ్వకాల్లో పెళ్లలు విరిగిపడి ప్రాణాలు పోయిన వార్తలు మీ ఇళ్లలోనూ విని ఉంటారు. అక్కడి రాయి వేరు, మట్టి వేరు, ఆశ మాత్రం ఒకటే.

వాన పడితే గోడలోకి నీరు దిగి బరువు పెరుగుతుంది, పట్టు తగ్గుతుంది. కాబట్టి వాన వెలిసిన మర్నాడు గుంతలోకి దిగేముందు పైఅంచు చుట్టూ తిరిగి చూడాలి. గోడకి సమాంతరంగా వెంట్రుకంత చీలిక కనబడినా దిగకూడదు, ముందు ఆ పెళ్లని పైనుంచే రాల్చేయాలి. మన దగ్గర అక్టోబరు, నవంబరు తుఫానుల్లో ఈ పని అసలు పెట్టుకోకూడదు.

పని అయ్యాక పూడ్చే వరస కూడా తిరగబడకూడదు. పెద్ద బండలు అడుగున, జల్లెడలోంచి రాలిన పొడి వాటి మీద, మొదట్లో విడిగా దాచిన పైమట్టి అన్నిటికంటే పైన.

మీ తాతయ్య